కంటికీ ముక్కుకీ మధ్య దూరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఖిలా వరంగల్ రాతి గోడ దగ్గర మీ నల్ల లాబ్రడార్‌ను తీసి పంపిన ఫోటోలు చూశాను. నాలుగింటిలోనూ ముక్కు మీది చెమ్మతో సహా కనిపిస్తోంది, కళ్ళు మాత్రం మసకబారాయి. ప్రాణమంతా కళ్ళలోనే ఉన్న కుక్క తల్లీ అది! అందుకే వెంటనే రాస్తున్నాను.

నీ ఏపీఎస్-సి కెమెరాలో (సెన్సర్ మధ్యరకం సైజున్నది) 50 ఎం.ఎం. లెన్స్‌ను ఎఫ్ 1.8 దగ్గర, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి పెట్టి మీటరు దూరం నుంచి తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు సుమారు 3 సెంటీమీటర్లే. లాబ్రడార్ ముక్కు కొస నుంచి కంటి దాకా అంతకంటే చాలా ఎక్కువ. కెమెరా తన ఇష్టప్రకారం అన్నిటికంటే ముందున్నదాన్నే పట్టుకుంది. ఇకపై ఫోకస్ బిందువు ఒక్కటే ఎంచుకుని, నీకు దగ్గరగా ఉన్న కంటి మీదికి జరుపు. మధ్య బిందువుతో పట్టి, తర్వాత కెమెరాను పక్కకు తిప్పే అలవాటు మానుకో. ఇంత పలుచని లోతులో ఆ కాస్త కదలికకే కన్ను జారిపోతుంది.

ఒకటిన్నర మీటరుకు జరిగి ఎఫ్ 5.6 పెట్టు, అంటే రంధ్రం చిన్నది చెయ్యి. లోతు 19 సెంటీమీటర్ల దాకా వస్తుంది, ముక్కూ కన్నూ రెండూ నిలుస్తాయి. చెవులు కొంచెం మెత్తబడితే మరీ అందం. తల పక్కకు తిప్పి కూర్చుంటే ముక్కు, కన్ను దాదాపు ఒకే దూరంలోకి వస్తాయి కనుక ఎఫ్ 2.8 కూడా చాలు.

వెనకాల మసక పోతుందని బెంగపడకు. కుక్కను గోడకు ఆనించకుండా ముప్పై అడుగులు ఇవతల కూర్చోబెట్టు. రాళ్ళు వాటంతటవే కరిగి, రంగు మాత్రం మిగులుతుంది.

నల్ల బొచ్చు మీద, అందులోనూ నీడలో, ఫోకస్‌కు పట్టు దొరకదు. ముఖాన్ని తెరిపి ఆకాశం వైపు తిప్పితే కంటిలో వెలుగు చుక్క పడుతుంది. దాన్నే పట్టుకో. ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళు తీసినవాణ్ణి, మనుషులు ఆగమంటే ఆగుతారు. కుక్క రొప్పితే చాలు, తల ముందుకూ వెనక్కూ ఊగుతుంది. కదిలేదాన్ని వెంటాడే కంటిన్యువస్ ఫోకస్ పెట్టి, షట్టర్ వేగం 1/500 సెకను కంటే తగ్గనివ్వకు. వెలుగు చాలకపోతే ఫోటోను ప్రకాశవంతం చేసే ఐఎస్ఓ సెట్టింగు పెంచు. దానివల్ల ఫోటోలో వచ్చే గరుకుదనాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు, తప్పిన ఫోకస్‌ను తిరిగి తేలేము.

ఆదివారం కరీంనగర్ నుంచి తొలి బస్సుకే వస్తాను. ఎండ ముదరకముందే భద్రకాళి చెరువు కట్ట మీదికి దాన్ని తీసుకురా. నేల మీద కూర్చోవాలి, పాత బట్టలు వేసుకో.

మీ మామయ్య