కూలెంట్ తగ్గిపోతున్న కారు: మూత ఎప్పుడు తీయాలి, లోపం ఎక్కడ వెతకాలి

రెండు మూడు వారాలకు ఒకసారి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బాలో మట్టం కనిష్ఠ గీత కిందికి దిగుతోందని, ప్రతిసారీ మామూలు నీరు పోసి నడుపుతున్నానని, ఇలాగే కొనసాగించవచ్చా, కూలెంట్ మార్చే పని సొంతంగా చేసుకోవచ్చా అని మీరు అడిగారు. నీరు పోస్తూ కాలం గడపడం సరికాదు. రెండో ప్రశ్నకు మాత్రం చేసుకోవచ్చనే చెబుతాను, అయితే ఒక షరతు ఉంది: ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాతే మూత మీద చేయి వేయాలి. ఈ షరతు నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. నా కుడి ముంజేతి మీద ఉన్న మచ్చ వల్ల తెలిసింది.

అప్పట్లో నా దగ్గర పాత పెట్రోలు కారు ఉండేది. పొడవైన చడావు ఒకటి ఎక్కుతుండగా ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీతను తాకింది. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపాను. అంతవరకు బాగానే చేశాను. పావుగంట ఆగి, ఇంజిన్ నడపకుండా తాళం మాత్రం తిప్పి చూస్తే ముల్లు సగం కంటే కిందనే ఉంది. చల్లారిందనుకొని గుడ్డను నాలుగు మడతలు వేసి రేడియేటర్ మూతను తిప్పాను. మొదటి మలుపులో బుస్సుమంది. ఒత్తిడి అంతా పోయిందిలే అనుకొని, మూతను కిందికి నొక్కి రెండో మలుపు తిప్పాను. మూత చేతిలోంచి ఎగిరిపోయింది, దాని వెంటే మరుగుతున్న కూలెంట్ బానెట్ ఎత్తు దాకా ఎగజిమ్మింది. ఆ క్షణంలో ముఖం పక్కకు తిరిగి ఉండబట్టి కళ్ళు దక్కాయి, చేయి మాత్రం మణికట్టు నుంచి మోచేతి దాకా ఉడికిపోయింది. కాలిన చోట పారే చల్లని నీటిని 20 నిమిషాల పాటు పోయాలని, వాపు రాకముందే వాచీ, ఉంగరం తీసేయాలని, మంచుగడ్డ గానీ పేస్టు గానీ పెట్టకూడదని ఆ తరువాతే తెలుసుకున్నాను.

ముల్లు నన్ను ఎందుకు మోసగించిందో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉన్నప్పుడే సరైన సంగతి చెబుతుంది. కూలెంట్ తగ్గిపోయి సెన్సర్ చుట్టూ గాలో ఆవిరో చేరితే, లోపల లోహం కాలిపోతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. దీనికి తోడు, ఇంజిన్‌తో తిరిగే వాటర్ పంపు ఇంజిన్ ఆగగానే ఆగిపోతుంది కనుక సిలిండర్ హెడ్‌లోని (ఇంజిన్ పై భాగంలోని) వేడి కదలకుండా నిలిచిపోయిన కూలెంట్‌లోకి దిగుతుంది. ఆపిన తరువాత కూడా కొన్ని నిమిషాల పాటు లోపలి వేడి పెరుగుతూనే ఉంటుంది. అంటే నేను మూత తీసిన సమయం దాదాపు అన్నిటికంటే చెడ్డ సమయం.

అసలు ప్రమాదం వేడిలో కంటే ఒత్తిడిలో ఎక్కువగా ఉంది. ఆరుబయట నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. నీరు, కూలెంట్‌లో వాడే ప్రధాన రసాయనమైన ఇథిలీన్ గ్లైకాల్ సగం సగం కలిపిన కూలెంట్ సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూతలోని స్ప్రింగు బయటి గాలి కంటే దాదాపు ఒక బార్ (మామూలు గాలి ఒత్తిడి అంత) అదనపు ఒత్తిడిని లోపల నిలిపి ఉంచుతుంది కాబట్టి, అదే మిశ్రమం 125 డిగ్రీలు దాటినా ద్రవంగానే ఉండగలుగుతుంది. వేడెక్కిన ఇంజిన్‌లో 115 డిగ్రీల కూలెంట్ మరగకుండా ఉందంటే దాన్ని పట్టి ఉంచుతున్నది ఆ మూత ఒక్కటే. మూత తీసిన మరుక్షణం ఒత్తిడి పోతుంది, కూలెంట్‌లో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీరు ఆవిరిగా మారితే సుమారు 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. ఆ ఆవిరి మిగిలిన ద్రవాన్ని ముందుకు తోసుకొని బయటికి వస్తుంది. మడతలు వేసిన గుడ్డ దీన్ని ఆపలేదు సరికదా, తడిసి చేతికి అంటుకొని మరింత కాలుస్తుంది.

ఇక్కడ మీ కారులో ఏ రకం అమరిక ఉందో చూసుకోవాలి. కొన్ని కార్లలో ఒత్తిడి మూత రేడియేటర్ మీదే ఉంటుంది, పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో ఒత్తిడి ఉండదు. మరికొన్నింటిలో రేడియేటర్‌కు మూతే ఉండదు. ప్లాస్టిక్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకే ఒత్తిడిలో ఉంటుంది, దాని మూతే ఒత్తిడి మూత. ప్లాస్టిక్ డబ్బా కదా అని వేడి మీద దాన్ని తిప్పేవారిని నేను చూశాను. రేడియేటర్ మూత తీయడంతో అది సమానమే. మట్టం బయటి నుంచే కనిపించేలా డబ్బాకు గీతలు ఉంటాయి కనుక చూడడానికి మూత తీయవలసిన అవసరం లేదు. ఇప్పుడు నేను రాత్రంతా నిలిపి ఉంచిన కారును ఉదయం స్టార్టు చేయకముందే పరిశీలిస్తాను. పగటిపూట తప్పనిసరైతే కనీసం గంటన్నర ఆగి, అరచేతి వెనుక భాగాన్ని రేడియేటర్ పై భాగానికి బిగించిన హోస్ (రబ్బరు గొట్టం) దగ్గరగా పెట్టి వేడి లేదని తేల్చుకొని, ఆ తరువాత హోస్‌ను నొక్కి చూస్తాను. అది బిగుసుకొని ఉంటే లోపల ఒత్తిడి ఇంకా ఉన్నట్టే. రేడియేటర్ వెనుక ఉన్న విద్యుత్ ఫ్యాన్ ఇంజిన్ ఆగిన తరువాత కూడా చెప్పాపెట్టకుండా తిరగగలదు కనుక వేళ్ళు, చొక్కా చేతులు దానికి దూరంగా ఉండాలి.

ఇక మీ అసలు సమస్యకు వస్తాను. కూలింగ్ వ్యవస్థ మూసి ఉన్న వ్యవస్థ. మంచి స్థితిలో ఉంటే నెలలు గడిచినా మట్టంలో చెప్పుకోదగిన తేడా రాకూడదు. వారాల్లోనే గీత దిగుతోందంటే కూలెంట్ ఎక్కడికో పోతోంది. నా కారులో కూడా సరిగ్గా ఇదే జరిగింది. నెలల తరబడి నేను నీరు పోస్తూ వచ్చాను, లోపం మాత్రం వాటర్ పంపులో ఉంది. పంపు లోపలి సీలు అరిగితే కూలెంట్ బయటికి కారడానికి దాని ఒంటి మీద ఒక చిన్న రంధ్రం ఉంచుతారు. ఆ రంధ్రం కింద ఎండిపోయి తెల్లగా పొక్కుకట్టిన చార నాకు ఎన్నోసార్లు కనిపించింది, దుమ్మేమో అనుకొని తుడిచేశాను. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారిన చుక్కలు వేడికి అక్కడికక్కడే ఆరిపోయేవి కాబట్టి నేల మీద తడి కనిపించేది కాదు.

అందువల్ల రాత్రి కారు కింద ఒక పెద్ద అట్టముక్క పరచి, ఉదయం దాని మీద మరక ఎక్కడ పడిందో చూడండి. హోస్ చివర్లలో క్లిప్పులు బిగించిన చోట, రేడియేటర్ లోహపు భాగం ప్లాస్టిక్ ట్యాంకుతో కలిసే అంచు వెంబడి, పంపు కింద టార్చి వేసి చూడాలి. హోస్ నొక్కితే మరీ మెత్తగా అణిగినా, కరకరలాడినా, క్లిప్పు పక్కన ఉబ్బినా దాన్ని మార్చవలసిందే. మూత అడుగున ఉన్న రబ్బరు పగిలితే ఒత్తిడి నిలవదు, కూలెంట్ తక్కువ వేడికే మరిగి పొర్లిపోతుంది. మూత చవకైన వస్తువు కనుక అనుమానం వస్తే నేను దాన్నే ముందు మారుస్తాను. కారు లోపల తీయటి వాసన, ముందు అద్దానికి లోపలి వైపు జిడ్డు ఆవిరి, కాళ్ళ దగ్గర తడిసిన తివాచీ కనిపిస్తే హీటర్ లోపలి చిన్న రేడియేటర్ కారుతున్నట్టు.

బయట ఎక్కడా ఆనవాలు దొరకకపోతే కూలెంట్ ఇంజిన్ లోపలికే పోతున్నదేమో చూడాలి. ఇంజిన్ ఆయిల్ పాలలా మారడం, ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకపోవడం, డబ్బాలో ఎడతెగని బుడగలు రావడం హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్‌కు, దాని కింది ఇంజిన్ భాగానికి మధ్య ఉండే సీలు) పోయిందనడానికి గుర్తులు. మెకానిక్ దగ్గర దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది: కూలెంట్ పైన చేరిన గాలిని ఒక నీలి ద్రవం గుండా పోనిస్తారు, అందులో మండిన వాయువులు ఉంటే ద్రవం పసుపు రంగుకు మారుతుంది. ఆ పరీక్షలో రంగు మారితే కారును నడపడం ఆపేయాలి.

మామూలు నీరు ఎందుకు వద్దంటున్నానంటే, పోసిన ప్రతిసారీ కూలెంట్‌లోని తుప్పు నిరోధక రసాయనాలు పలచబడతాయి, మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది, కుళాయి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగిలే చోట పొరలుగా పేరుకుంటాయి. దారిలో ఇంజిన్ వేడెక్కి, అది చల్లారిన తరువాత చేతిలో నీరు తప్ప మరేదీ లేకపోతే పోయవచ్చు. ఆ తరువాత మొత్తం కూలెంట్ మార్పించుకోవాలి. గాఢమైన కూలెంట్ కొంటే దానిలో డిస్టిల్డ్ వాటర్ కలపాలి, కలిపి అమ్మేదైతే అలాగే పోయాలి. చిక్కగా ఉంటే మేలని నీరు కలపకుండా పోయడం కూడా పొరపాటే. నీటి కంటే గ్లైకాల్ వేడిని తక్కువగా మోస్తుంది. పైగా సగం సగం మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, వట్టి గ్లైకాల్ మాత్రం మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది.

రంగును చూసి కూలెంట్ కొనకండి. రంగులకు అన్ని కంపెనీలూ పాటించే నియమం ఏదీ లేదు. ఆకుపచ్చ కూలెంట్లు రెండు పూర్తిగా వేరు రసాయనాలతో ఉండవచ్చు. సరిపడని రకాలు కలిస్తే రక్షణ గుణం తగ్గుతుంది, కొన్నిసార్లు జిగురులా గడ్డలు కట్టి రేడియేటర్ సన్న గొట్టాలు మూసుకుపోతాయి. కారు యజమాని పుస్తకంలో చెప్పిన ప్రమాణం సీసా మీద ఉందో లేదో చూడడమే సరైన పద్ధతి. మార్చే గడువు కూడా ఆ పుస్తకాన్ని బట్టే. పాత రకం కూలెంట్లు రెండు మూడేళ్ళకు మార్చవలసి ఉంటే, సేంద్రియ ఆమ్లాల రకాలు చాలావరకు ఐదేళ్ళ దాకా ఉంటాయి. ఈ లెక్క నీరు పోసి పలచబరచని కూలెంట్‌కే వర్తిస్తుంది. మీది ఎప్పటిదైనా ఇప్పుడు మార్చవలసిందే.

మార్చే పనిలో కష్టం తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. చదునైన చోట, చల్లారిన ఇంజిన్‌తో, తాళం తీసి జేబులో పెట్టుకొని, కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకొని మొదలుపెట్టండి. కారు ఎత్తవలసి వస్తే జాకీని నమ్మి కిందికి దూరకుండా స్టాండ్ల మీద నిలపాలి. వెడల్పైన తొట్టి పెట్టి రేడియేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పితే, అది లేకపోతే కింది హోస్ ఊడదీస్తే, పాత కూలెంట్ దిగుతుంది. ఎంత దిగిందో కొలిచి పెట్టుకోండి. తిరిగి నింపేటప్పుడు అంత పట్టకపోతే లోపల గాలి చిక్కుకుందన్నమాట. నింపడం నెమ్మదిగా చేయాలి, హీటర్ మీటను పూర్తి వేడి వైపు ఉంచాలి, గాలి వదిలే స్క్రూ ఉంటే దాని నుంచి బుడగలు లేని ధార వచ్చేదాకా తెరిచి ఉంచాలి. ఆ తరువాతి క్రమం, ముఖ్యంగా ఇంజిన్ నడిపేటప్పుడు మూత ఉండాలా వద్దా అన్నది, కారును బట్టి మారుతుంది కనుక యజమాని పుస్తకాన్నే అనుసరించండి. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగిన తరువాత ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక మట్టం మళ్ళీ చూసి తక్కువైతే నింపాలి. ఇంజిన్ నడిపేది మూసి ఉన్న షెడ్డులో మాత్రం కాకూడదు, అక్కడ కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది.

తొట్టిలో దిగిన కూలెంట్‌ను క్షణమైనా అలా వదిలి లోపలికి వెళ్ళవద్దు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలు, కుక్కలు, పిల్లులు కొద్దిగా తాగినా మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. లక్షణాలు బయటపడడానికి గంటలు పట్టవచ్చు కాబట్టి, తాగారన్న అనుమానం కలిగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మంచినీళ్ళ సీసాల్లో దాన్ని నిల్వ చేయకూడదు, కాలువలో పారబోయకూడదు. పాత ఆయిల్ తీసుకునే చోట దీన్నీ తీసుకుంటారేమో అడగండి.

కారడం ఆపుతుందని పోసే పొడులు, ద్రవాల మీద నాకు నమ్మకం లేదు. అవి రంధ్రాన్ని మూసినట్టే హీటర్ సన్న గొట్టాలనూ మూయగలవు. వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వని కవాటం) తీసి పారేయమనే సలహా కూడా వినకండి. అది లేని ఇంజిన్ పని ఉష్ణోగ్రతకు సరిగా చేరదు, ఇంధనం వృథా అవుతుంది, అసలు లోపం అలాగే ఉండిపోతుంది. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పురుగులు, మట్టి తీయడానికి మామూలు గొట్టంతో ఇంజిన్ వైపు నుంచి బయటికి నీరు కొడితే చాలు. జోరైన ధార రెక్కలను వంచేస్తుంది. టైమింగ్ బెల్టుతో తిరిగే పంపు మార్పిడి, హెడ్ గాస్కెట్ పని, హైబ్రిడ్ కార్లలో ఇన్వర్టర్, బ్యాటరీల కూలెంట్ మార్గాలు నేను చేయను, మెకానిక్‌కే వదిలేస్తాను.

లోపం దొరికేలోగా దారిలో ముల్లు పైకి పోతే ఏసీ కట్టేసి, హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టి, సురక్షితమైన చోటు చూసి ఇంజిన్ ఆపండి. బానెట్ అంచు నుంచి ఆవిరి వస్తుంటే దాన్ని ఎత్తకండి, కాలే ఇంజిన్ మీద చన్నీళ్ళు గుమ్మరించకండి, లోహం బీటలు వారవచ్చు. రేపు ఉదయం మొదటి పనిగా చల్లని ఇంజిన్‌తో డబ్బాలో సరైన కూలెంట్‌ను గీత దాకా నింపి, ఆ మట్టం దగ్గర ఒక టేపు ముక్క అంటించి, దాని మీద తేదీ, కిలోమీటర్ల అంకె రాసి పెట్టండి. వారం తరువాత మట్టం ఎంత దిగిందో, అట్టముక్క మీద మరక ఉందో లేదో ఇక్కడ రాస్తే, ముందు ఏ భాగాన్ని అనుమానించాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.