తెలుగులో ఎస్సెమ్మెస్ కొడితే 160కి బదులు 70 అక్షరాలకే ఎందుకు నిండిపోతుంది?

తెలుగు గుర్తుకు ఇంగ్లిష్ అక్షరం కంటే రెండింతలకు పైగా చోటు కావాలి కాబట్టి. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 1120 బిట్లే (బిట్ అంటే ఒక 0 గానీ 1 గానీ పట్టే చోటు). ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు, అందుకే 160 పడతాయి. ప్రపంచ లిపులన్నిటి ఉమ్మడి పట్టిక అయిన యూనికోడ్‌లో వెళ్లే తెలుగు గుర్తుకు 16 కావాలి, కాబట్టి 70. మధ్యలో ఒక్క తెలుగు అక్షరం దూరినా పక్కనున్న ఇంగ్లిష్‌తో సహా మెసేజ్ అంతా 16 బిట్లకు మారిపోతుంది.

పోనీ ఆ 70 అయినా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. బెంగళూరు మెజెస్టిక్‌లో నిలబడి ఇంటికి ‘బస్సెక్కాను’ అని కొట్టారనుకోండి. కంటికి నాలుగే అక్షరాలు, ఫోనుకు 11 గుర్తులు. ‘స్సె’ ఒక్కటే స, పొల్లు, స, ఎత్వం అని నాలుగవుతుంది. మొత్తం 176 బిట్లు. అదే మాట ఇంగ్లిష్ లిపిలో 10 అక్షరాలు, 70 బిట్లు. బటన్ ఫోన్లతో పెరిగినవాళ్లకు ఇంగ్లిష్ లిపిలో తెలుగు అలవాటవడానికి ఇదీ ఒక కారణమే (పాత ఫోన్లు చాలావాటిలో తెలుగు ఫాంటే ఉండేది కాదు, అది వేరే సంగతి).

వత్తులు, గుణింతాల వల్ల మన లిపి ‘బరువు’ అని చాలామంది అనుకుంటారు. కాదు, కన్నడకూ తమిళానికీ ఇదే 70. ఎస్సెమ్మెస్‌లో అక్షరానికి 7 బిట్ల చొప్పున కేటాయించే పట్టికను తయారుచేసిందే ప్రధానంగా యూరప్ భాషల కోసం. వాట్సాప్ మెసేజ్ ఇంటర్నెట్ మీద వెళ్తుంది కాబట్టి అక్కడ ఈ లెక్క వర్తించదు.