షుగర్ ఉన్నవారు పెళ్లి పంక్తిలో విస్తరి భోజనం చేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 56. అమలాపురం దగ్గర పల్లెలో ఉంటాం. ఆరేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 7.4 ఉంది. వచ్చే నెల మా తమ్ముడి కూతురి పెళ్లి. పంక్తిలో కూర్చోకపోతే వియ్యాలవారు చిన్నబుచ్చుకుంటారు, కూర్చుంటే షుగర్ పెరుగుతుందని భయం. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా కూర్చోండి. మన కోనసీమలో పెదనాన్న వరస అయినవారు ఆకు ముందు కూర్చోకపోతే అలిగారనే అనుకుంటారు. నలుగురితో కలిసి తిని ఆ శుభకార్యాన్ని మనదిగా ఒప్పుకోవడమే సహపంక్తి భోజనానికి అర్థం కనుక, షుగర్ పేరు చెప్పి మిమ్మల్ని దానికి దూరం చేయడం నాకు సమ్మతం కాదు.

అరిటాకులో వడ్డించేవన్నీ షుగర్‌ను ఒకేలా పెంచవు. పనసపొట్టు కూరలో పీచు, ముద్దపప్పులో మాంసకృత్తులు ఉంటాయి. అన్నం, పులిహోర, బూరె, పరమాన్నం మాత్రం త్వరగా గ్లూకోజ్‌గా మారతాయి. కంద దుంప కాబట్టి కంద బచ్చలి కూర కొద్దిగానే వేయించుకోండి. ముందు తీపితో మొదలుపెట్టడం మన ఆనవాయితీ అయినా, మీరు బూరెను ఆకులోనే ఉంచి, మొదట కూర, పప్పు కొంత తిని, ఆ తర్వాత అన్నం కలుపుకుంటే, భోజనానంతరం గ్లూకోజ్ పెరుగుదల తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. బూరె ఒక్కటి చాలు, అది తింటే పరమాన్నం మానేయండి. చిల్లు పెట్టి నెయ్యి పోయబోతే వద్దనండి.

నిజానికి ఎక్కువ మందికి షుగర్ పెరిగేది బూరె వల్ల కన్నా అన్నం వల్లనే. పప్పులోకి ఒకసారి, పులుసులోకి ఒకసారి, చారులోకి, పెరుగులోకి మళ్లీ మళ్లీ వడ్డిస్తుంటే ఎంత తిన్నామో తెలియదు. మొదట వడ్డించిన అన్నాన్నే నాలుగు భాగాలు చేసుకుని, కొసరి వడ్డించడానికి వచ్చినప్పుడు ఆకు మీద చేయి అడ్డుపెట్టండి. మన పంక్తిలో అది మర్యాద తప్పడం కాదు. రక్తపోటు కూడా ఉంటే ఆవకాయ, అప్పడాలు తగ్గించాలి.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పెళ్లిళ్లలో పంక్తి లేచేసరికి మధ్యాహ్నం మూడు దాటవచ్చు. పొద్దున గ్లిమెపిరైడ్ వేసుకుని అంతసేపు ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ కనిపిస్తాయి. అందువల్ల ఉదయం టిఫిన్ మానవద్దు, ఒంటిగంటకు ఏదైనా కొద్దిగా తినండి. ఆ లక్షణాలు కనిపిస్తే వెంటనే మూడు, నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత షుగర్ చూసుకోండి. బూరె తిన్నాం కదా అని అదనంగా మాత్ర వేసుకోవడం మన ప్రాంతంలో తరచుగా చూస్తుంటాను, ఆ పని అసలు చేయవద్దు.

భోజనం చేశాక ఒక చోట కూర్చుండిపోకుండా పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడవండి. భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు షుగర్ పరీక్షించుకుని, 180 దాటితే రాత్రి భోజనంలో అన్నం తగ్గించండి. మూత్రపిండాల సమస్య ఉంటే మాత్రం పప్పు, పెరుగు ఎంత తినవచ్చో మీ వైద్యుడిని ముందే అడగండి.