హాస్టల్లో చేరబోతున్న మేనకోడలికి

పర్లాకిమిడి

అమ్మడూ,

ఆర్.ఉదయగిరి వైపు ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. తిన్న కంచం తియ్యడానికి బద్ధకించే పిల్ల వందమందిని చూసుకుంటుందట అని ముందు నవ్వాను. తర్వాత గర్వంగానే అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నువ్వు చేరేది జూన్‌లో. కొండల్లో తొలి వానలకి గెడ్డ నీళ్లు ఎర్రబడ్డాయంటే వెనకాలే ఝాడా, అదే నీళ్ల విరేచనాలు, వస్తుంది. 2007లో మన ఒడిశాలోనే కాశీపూర్ వైపు కలరా అంతమందిని పొట్టన పెట్టుకున్నదీ వానల్లోనే. పాముల గురించి, చలి గురించి మీ అమ్మ ఎలాగూ చెబుతుంది. నా భయం విరేచనాల గురించే.

నీళ్లు మరిగించి చల్లార్చి తాగించు. సబ్బుతో చేతులు కడగనిదే ఎవర్నీ వంటగదిలోకి రానివ్వకు. ఇవి నీకు తెలిసినవే.

ఓఆర్ఎస్ కలపడం కూడా తెలుసంటావు. పెద్ద పొట్లం మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుడు నీళ్లలో పోసేస్తే ఉప్పు ఎక్కువై పిల్లకి మేలు కన్నా కీడే. ఖాళీ లీటరు నీళ్ల సీసా ఒకటి కొలతకి దాచుకో. కలిపింది 24 గంటలు దాటితే పారబొయ్యి. పొట్లాలు అయిపోతే లీటరు నీళ్లకి పంచదార ఆరు టీ చెంచాలు, ఉప్పు అర టీ చెంచా, రెండూ తలగొట్టి కొలువు. పేగుల్లో చక్కెర ఉప్పుని లోపలికి లాక్కెళ్తుంది, వాటి వెనకే నీళ్లూ వెళ్తాయి. 1971లో బంగ్లా శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఈ నీళ్లే తాగించి, 30 శాతం దాకా ఉన్న చావుల్ని 4 శాతం లోపుకి తెచ్చారు. దీన్ని చిన్న వైద్యం అనుకోకు.

ఇక నా తప్పు చెబుతాను. మీ నాన్నకి కూడా చెప్పలేదు.

నర్సుగా చేరిన రెండో ఏడు, ఒక హాస్టల్ పక్క క్వార్టర్లో ఉండేదాన్ని. పదమూడేళ్ల సవర పిల్లకి సాయంత్రం నుంచి నీళ్ల విరేచనాలు. చెంబు నిండా ఓఆర్ఎస్ కలిపి మంచం పక్కన పెట్టాను. రాత్రి పదింటికి వెళ్లి ఎన్నిసార్లు వెళ్లావని అడిగితే, ‘రెండుసార్లే, తగ్గిందక్కా’ అంది. నమ్మేశాను. చెంబులోకి తొంగి చూడనైనా లేదు. హాయిగా వెళ్లి పడుకున్నాను!

తెల్లారి చూస్తే కళ్లు గుంటలు పడ్డాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచిపోయింది. రాత్రంతా ఒంటేలు లేదు. చెంబు నిండుగానే ఉంది. జీపు దొరికి ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. దారంతా తిట్టాను, ఎందుకు తాగలేదే, ఎందుకు అబద్ధం చెప్పావే అని. ఎండిపోయిన నాలుకతో ఒక్క మాటే అంది, ‘చీకటి.’ మరుగుదొడ్డి చింతచెట్టు అవతల ఉండేది. తాగితే మళ్లీ వెళ్లాల్సి వస్తుందని తాగడం మానేసింది.

సెలైన్ ఎక్కాక బతికింది. మరుసటి ఏడు మాత్రం బడికి రాలేదు. నేనూ వెళ్లి అడగలేదు.

అందుకే చెబుతున్నా, ఎన్నిసార్లు వెళ్లారని మాత్రమే అడగకు, పక్కన కూర్చుని గ్లాసు ఖాళీ చేయించు. పదేళ్ల లోపు పిల్లకి వెళ్లిన ప్రతిసారీ అర గ్లాసు నుంచి గ్లాసు. పెద్దవాళ్లకి ఎంత తాగితే అంత. వాంతి అయితే పది నిమిషాలాగి చెంచాతో మళ్లీ మొదలెట్టు. పెద్దపిల్లలు సిగ్గుతో దాస్తారు, ఇంటికి పంపేస్తారని దాస్తారు. కడుపునొప్పిని సవర మాటలో ఏమంటారో మొదటిరోజే అడిగి నేర్చుకో.

పస్తు పెట్టకు. గంజి, మెత్తటి అన్నం, పెరుగు పెట్టు. విరేచనాలు కట్టేసే లోపెరమైడ్ మాత్ర నీ అలమారలోనే ఉండకూడదు. యాంటీబయాటిక్ నీ అంతట నువ్వు ఇవ్వకు. వంటమనిషి చంటిపిల్లకి పట్టుకుంటే ఓఆర్ఎస్‌తో పాటు జింక్ కూడా కావాలి, ఆరు నెలలు దాటితే రోజుకి 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న తీపి జ్యూసులు కొనకు. 2025లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దందంటే ఊరికే కాదు.

రక్తం పడినా, తాగిందంతా కక్కేసినా, పిల్ల మత్తుగా ఉన్నా, ఆరు గంటలు ఒంటేలు రాకపోయినా, గంజినీళ్లలాంటి విరేచనాలు ధారగా అయినా తెల్లారేదాకా ఆగకు. 108కి ఫోన్ చెయ్యి, దారిలో తాగిస్తూనే వెళ్లు. ఒకేరోజు ఇద్దరు ముగ్గురికి పట్టుకుంటే ఆరోగ్య కేంద్రానికి కబురు పెట్టు, పేరు పోతుందని దాచకు. వార్డెన్ కోప్పడితే పడనీ.

మరీ భయపెట్టేశానేమో. నీకు జ్వరమొస్తే రాత్రంతా నా కొంగు వదిలేదానివి కాదు, ఇప్పుడు నీ కొంగు పట్టుకునేవాళ్లు వస్తున్నారు. నువ్వూ వేళకి తిను.

మీ నాన్నతో రెండు టార్చిలైట్లు పంపుతున్నాను. ఒకటి నీకు. రెండోది పిల్లల గది గుమ్మానికి వేలాడదియ్యి. ఎవర్నీ అడక్కుండా తీసుకెళ్లొచ్చని చెప్పు.

నీ మేనత్త