రోడ్డు పక్క రెండెకరాలు ఆగుతాయి, ముందు ఉన్న ఎకరంన్నర సంగతి

ప్రశ్న: మాది కడియపులంక దగ్గర ఊరు. నేనూ నా భార్యా ఏడేళ్లుగా ఎకరంన్నర కౌలుకి తీసుకుని నర్సరీ నడుపుతున్నాం. కౌలు ఏడాదికి లక్షన్నర. నలుగురు కూలీలు, మనిషికి రోజుకి 500. ఏడాది అమ్మకం 20 లక్షల దాకా ఉంటుంది. తెచ్చే మొక్కలు, కవర్లు, మట్టి, కోకోపీట్, బండి కిరాయిలు అన్నీ కలిపి 7 లక్షలు. కరెంటు, ఎరువులు, మందులు ఇంకో 90,000. సగం పైగా సరుకు పెద్ద నర్సరీలకీ, హైదరాబాద్ కాంట్రాక్టర్లకీ లోడ్ల లెక్కన పోతుంది. మూడో వంతు స్థలంలో పెద్ద కవర్ల పామ్ మొక్కలున్నాయి. బయట రావాల్సిన బాకీ 5,20,000. నూటికి రెండు వడ్డీకి తెచ్చిన అప్పు 3 లక్షలు. 2 లక్షల చీటీ ఒకటుంది, 20 నెలలది, 14 నెలలు కట్టాం, ఇంకా పాడలేదు. ఇప్పుడు హైవే పక్కన రెండెకరాలు ఏడాదికి 5 లక్షల కౌలుకి వస్తున్నాయి. 12 లక్షలు లోను తీసుకుని దిగుదామని నేను, వద్దని నా భార్య. ఎవరిది కరెక్టండి?
— ఒక పాఠకుడు, 34 ఏళ్లు

జవాబు: ఈ విడతకి మీ ఆవిడదే కరెక్టండి. ఎందుకో చెప్పడానికి మీరు రాసిన అంకెలే చాలు.

20 లక్షల అమ్మకంలో సరుకు ఖర్చు 7 లక్షలు పోతే 13 లక్షలు. అందులోంచి కౌలు, 300 రోజుల కూలీ, కరెంటు, ఎరువులు కలిపి 8,40,000 పోతే 4,60,000. వడ్డీకి ఏడాదికి 72,000 కడితే చేతిలో 3,88,000. ఇంతవరకూ మీరూ వేసుకునే ఉంటారు. మరి తెల్లారకముందే లేచి మోటారు వేసేది ఎవరు? కూలీలు వెళ్లిపోయాక కవర్లు సర్దేది ఎవరు? మీ ఇద్దరి కూలీ ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. మీ దగ్గర పనిచేసే వాళ్లకిచ్చే 500 లెక్కనే వేసినా, 300 రోజులకి ఇద్దరికీ 3 లక్షలు. అది తీసేస్తే వ్యాపారం మిగులుస్తున్నది ఏడాదికి 88,000. ఇదే నర్సరీలో మీరిద్దరూ కూలీకి పనిచేసినా ఆ 3 లక్షలు వచ్చేవి, అప్పుల బాధ లేకుండా.

ఇప్పుడు రెండెకరాలు చూద్దాం. 12 లక్షల లోను 12 శాతం వడ్డీకి, ఐదేళ్లకి తీసుకుంటే నెల వాయిదా 26,700 దాకా పడుతుంది, ఏడాదికి 3,20,000. కౌలు 5 లక్షలు. ఇంకో ముగ్గురు కూలీలు లేనిదే రెండెకరాలు సాగవు, వాళ్లకి 4,50,000. మొత్తం 12,70,000. మీకు వంద రూపాయల అమ్మకంలో సరుకు ఖర్చు పోగా నిలిచేది 65. అంటే ఈ కొత్త ఖర్చు రాబట్టుకోవడానికే ఇంకో 19,50,000 అమ్మాలి. ఏడేళ్లు కష్టపడి తెచ్చుకున్న అమ్మకాన్ని ఒక్క ఏడాదిలో రెట్టింపు చేస్తే, ఇప్పుడున్న చోటే ఉంటారు. కొత్త మొక్కలు పెరిగి అమ్మకానికి వచ్చేదాకా ఖాళీ నెలలు నేనసలు లెక్కలోకే తీసుకోలేదు.

కాబట్టి భూమి పెంచడం కాదు, ఉన్న భూమిలో సరుకు ఏడాదికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూడండి. ఇది ఓపిగ్గా చదవండి, మీ ఉత్తరంలో అసలు విషయం ఇదే.

ఎకరంన్నరలో దారులు, షెడ్డు, నీళ్ల తొట్టి పోగా మొక్కలు పేర్చే బెడ్లకి సగం మిగులుతుందనుకుందాం. సుమారు 32,000 చదరపు అడుగులు. కౌలు, కూలీ, కరెంటు కలిపిన 8,40,000ని దాని మీద పరిస్తే అడుగుకి ఏడాదికి 26 రూపాయలు, నెలకి 2 రూపాయల 20 పైసలు. మొక్క అమ్ముడైనా, కాకపోయినా అది కూర్చున్న చోటుకి ఈ అద్దె పడుతూనే ఉంటుంది.

పెద్ద కవర్ పామ్ నాలుగు అడుగులు ఆక్రమించి ఏడాదిన్నర కూర్చుంటే అద్దె 158 రూపాయలు. మొక్క, కవరు, మట్టి ఒక 120 అనుకుందాం. 278 ఖర్చు పెట్టి 300కి లోడెత్తితే మిగిలేది 22. దాన్ని నాలుగు అడుగులకీ, ఏడాదిన్నరకీ పంచితే అడుగుకి ఏడాదికి నాలుగు రూపాయలు కూడా రావు. ఆ 300 కూడా అరువే.

అదే ఒక్క అడుగులో చిన్న కవర్ల సరుకు, క్రోటన్లో, చలికాలం పూల మొక్కలో, నాలుగు పడతాయి. మూడు నెలల్లో అమ్మకానికొస్తాయి. అద్దె 6 రూపాయల 60 పైసలు, సరుకు ఖర్చు మొక్కకి 9 చొప్పున 36. మొక్క 16కి పోతుందనుకుని, నాలుగింట ఒకటి చచ్చిపోయిందనే వేసుకున్నా, 48 వచ్చి 42 రూపాయల 60 పైసలు పోతాయి. ఏడాదికి మూడు కాపులే తీసి, ఎండాకాలం బెడ్డు ఖాళీగా ఉంచి దాని అద్దె తీసేసినా, అడుగుకి తొమ్మిదిన్నర రూపాయలు నిలుస్తాయి. పామ్ కంటే రెండున్నర రెట్లు, డబ్బు మూడు నెలల్లో చేతికి.

ధరలు నేను వేసినవి, మీ ధరలు మీరు వేసుకోండి. ఒక నోట్‌బుక్కులో రకానికో పేజీ తీసి, ఎన్ని అడుగులు, ఎన్ని నెలలు, ఎంతకి, నగదా అరువా అని రాయండి. నాలుగు పేజీలు నిండేసరికి ఏ రకం మిమ్మల్ని పోషిస్తోందో, ఏ రకాన్ని మీరు పోషిస్తున్నారో తెలిసిపోతుంది. పామ్‌లు పీకేయమని నేననడం లేదు. పెరిగినవి అమ్మండి, వాటి చోట మళ్లీ పామ్ పెట్టకండి. కాంట్రాక్టర్ అడిగితే పక్క నర్సరీ నుంచి తెచ్చి లోడ్‌లో కలపొచ్చు, కడియంలో అందరూ చేసే పనేగా. ఒక్క జాగ్రత్త: మన వైపు ఒకడికి ఒక మొక్క కలిసొచ్చిందంటే మరుసటేడు ఊరంతా అదే వేస్తుంది, సీజన్ మధ్యలో ధర పడిపోతుంది. అందుకని మొత్తం చోటు ఒకే రకానికి ఇవ్వకండి.

తర్వాత బాకీ. ఏడాదంతా ఇద్దరూ కష్టపడితే చేతిలో నిలిచింది 3,88,000, జనం దగ్గర ఇరుక్కున్నది 5,20,000. మీరు నూటికి రెండుకి తెచ్చిన డబ్బుని కాంట్రాక్టర్లకి వడ్డీ లేకుండా అప్పిస్తున్నారన్న మాట. నెలన్నర అరువంటే వందకి మూడు రూపాయలు మీ జేబులోంచి పోయినట్టే. అందుకే లోడ్ దగ్గరే డబ్బిచ్చేవాడికి వందకి రెండు తగ్గించండి, మీకే లాభం. అరువు అడిగేవాడి దగ్గర లారీ కదిలే ముందు సగం తీసుకోండి. పాత బాకీలను తేదీ ప్రకారం వరసగా రాసి, ఆర్నెల్లు దాటినవాళ్ల దగ్గరికి ఫోన్లో కాదు, మనిషిగా వెళ్లండి. కొంత రాదు. రానిది రానట్టు రాసేసుకుని వాళ్లకి కొత్త లోడ్ ఆపేయండి. మొహమాటం అంటారా? ఈ వ్యాపారంలో మొక్కలు ఎండకి పోయినదానికంటే మొహమాటానికి పోయిన డబ్బే ఎక్కువని నా అనుభవం.

చీటీ సంగతి తేలిక. ఇప్పుడు పాడి ఆ డబ్బుతో అప్పు తీర్చడమా, చివరి నెల దాకా ఆగడమా అన్నదే ప్రశ్న. ఐదు నెలల ముందు చేతికొస్తే నెలకి నూటికి రెండు వడ్డీ మిగులుతుంది. లెక్క కడితే పాటలో మీరు వదులుకునేది 18,000 లోపు ఉంటే పాడుకోవడమే మేలు. అది దాటితే ఆగండి. వచ్చిన ప్రతి రూపాయీ అప్పుకే పోవాలి, బైకుకి కాదు. మిగతా లక్షా చిల్లరకి మీ ఆవిడ డ్వాక్రా సంఘంలో ఉంటే ఆ రుణం చూడండి, లేదా బ్యాంకులో బంగారం పెట్టండి. ఏడాదికి 24 శాతం కంటే రెండూ చవకే.

లోను అసలే వద్దని కాదు. తిరిగే బెడ్డు మీద పెట్టే లోను మంచిదే: షేడ్ నెట్, చిన్న స్ప్రింక్లర్లు, కవర్లు నింపే చోటికి రేకుల షెడ్డు. రెండు రెండున్నర లక్షల్లో అయిపోతుంది. నీళ్లు పట్టే మనిషి ఒకరు తగ్గినా ఏడాదికి లక్షన్నర మిగులుతుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణాలకి బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అది కుదరకపోతే ముద్ర రుణ పథకంలో 50,000 నుంచి 5 లక్షల దాకా ఇచ్చే కిశోర్ విభాగం అడగండి. కౌలు రైతుకి బ్యాంకులో మొదటి చిక్కు కాగితమే. పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలల గడువుతో ఇస్తారు, 2019 చట్టం ప్రకారం దానివల్ల భూయజమాని హక్కుకి ఏ ఢోకా లేదు. యజమాని సంతకానికి జంకితే ఆ మాట రైతు సేవా కేంద్రంలో వాళ్ల చేత చెప్పించండి.

కొత్త కొనుగోలుదార్ల కోసం రోడ్డు మీదికే వెళ్లక్కర్లేదు. రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో ఇళ్ల డాబాల మీద కుండీలు పెంచేవాళ్లకి మొక్క కంటే మొక్కని బతికించే మాట కావాలి. పదిహేను రోజులకోసారి వచ్చి ఎరువు వేసి, చచ్చినవి మార్చి వెళ్లే మనిషికి నెల జీతంలా డబ్బిస్తారు. అలాంటి ఇళ్లు ఇరవై ఉంటే వాటికి మొక్కలు కూడా మీవే పోతాయి, చిల్లర ధరకి, నగదుకి. మీ ఆవిడ ఆ లెక్కలు చూసే మనిషిలా కనిపిస్తున్నారు, ఆ పని ఆవిడకి వదిలేయండి. మామిడి, జామ అంట్లు అమ్మేటట్టయితే 2010 చట్టం కింద ఉద్యాన శాఖలో నర్సరీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే చూసుకోండి.

పన్నుల దగ్గర ఒక తిరకాసుంది, చాలామంది జారిపడేది ఇక్కడే. మొక్కల మీద జీఎస్టీ లేదు. మొక్కలు మాత్రమే అమ్మేవాళ్లు హైదరాబాద్ పంపినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ లాన్ వేసే పని, తోట చూసే పని పన్ను కిందికొస్తాయి. సేవలకి 20 లక్షల పరిమితి చూసేటప్పుడు పన్ను లేని మొక్కల అమ్మకాన్నీ అందులో కలుపుతారు. మీరు ఇప్పటికే 20 లక్షల అంచున ఉన్నారు. ఒక్క లాన్ కాంట్రాక్టు చాలు, గీత దాటడానికి. ప్లాస్టిక్ కుండీల్లాంటి పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి పంపితే ఆ పరిమితి కూడా వర్తించదు. ఇక ఆదాయపు పన్నులో, నర్సరీలో పెంచిన మొక్కల మీద వచ్చేది కౌలు భూమైనా వ్యవసాయ ఆదాయమే. పొద్దున్న పక్క నర్సరీలో కొని సాయంత్రం లోడెత్తింది మాత్రం వ్యాపారం. పెంచినవి, కొన్నవి, చేసిన పని అని మూడు వరసలు విడివిడిగా రాసి, కొత్త పనికి ఒప్పుకునే ముందే ఒకసారి ఆడిటర్‌కి చూపించండి.

మూడు నెలల కూలీ, అంటే లక్షన్నర, బ్యాంకులో ముట్టుకోకుండా ఉంచండి. వేసవిలో కాలువలు కట్టేసే రోజులు, 2022 జూలైలో లంకలు మునిగినప్పటి లాంటి రోజులు ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి, అప్పుడు అమ్మకం ఉండదు, కూలీ ఆగదు. ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా ఇద్దరూ ఈ వారమే తీసుకోండి.

హైవే స్థలం యజమానికి ఇప్పుడే కాదని చెప్పేయకండి. ఈ సీజన్ అయ్యేలోపు బాకీ సగానికి దిగి, వడ్డీ అప్పు తీరిపోయి, ఆ నోట్‌బుక్కులో అడుగుకి పది రూపాయలు దాటే రకాలు నాలుగైనా తేలితే, అప్పుడు వెళ్లి బేరమాడండి. రెండెకరాలకి కాదు, రోడ్డుకి ఆనుకున్న పది సెంట్లకి. సెంటుకి ఎక్కువే అడుగుతాడు, అయినా ఇవ్వొచ్చు. పెంచేది లోపలి ఎకరంన్నరలో, చూపించి అమ్మేది ఆ పది సెంట్లలో.