అమ్నీషియా: మొదటి గేమ్ ఎక్కువ భయపెడుతుందా, సీక్వెలా?

హారర్ వీడియో గేమ్ ‘అమ్నీషియా: ద డార్క్ డిసెంట్’, దాని సీక్వెల్ ‘ఎ మెషీన్ ఫర్ పిగ్స్’. ఈ రెండింటిలో ఏది ఎక్కువ భయపెడుతుందని కదా ప్రశ్న? మొదటిదే. ఇందులో తర్జనభర్జనలకు చోటే లేదు.

2010లో వచ్చిన ఆ గేమ్‌లో నా ప్రాణం తోడేసింది లాంతరులోని నూనె. వెలిగిస్తే నూనె అయిపోతుంది, ఆర్పితే చీకట్లో మనం ఆడించే డేనియల్‌కు మతి తప్పుతుంది. చేతిలో ఆయుధం ఉండదు. రాక్షసిని తేరిపార చూసినా మతి పోతుంది, కాబట్టి దాని ముఖం ఎలా ఉంటుందో కూడా సరిగ్గా తెలియదు.

నీళ్లు నిండిన నేలమాళిగ ఒక్కటి చాలు. అక్కడ తిరిగే జీవి కంటికి కనిపించదు. నీళ్లలో అడుగులు పడిన చోట తుంపర లేస్తుంది, అంతే. పెట్టెల మీద ఉన్నంతసేపూ మన జోలికి రాదు. కాలు నీళ్లలో పడిందా, ఆ తుంపర నేరుగా మనవైపే. అక్కడ దొరికే మాంసం ముక్కను దూరంగా విసిరి, అది తినేలోపు తర్వాతి పెట్టె ఎక్కాలి. నేను విసిరింది ఎదురు గోడకు తగిలి నా పెట్టె పక్కనే పడింది. హెడ్‌ఫోన్స్‌లో ఆ నమిలే చప్పుడు వింటూ మౌస్ మీంచి చెయ్యి తీసేసి కూర్చున్నాను. తర్వాత పరుగు. ఆ గేమ్‌లో తలుపులు బటన్ నొక్కితే తెరుచుకోవు, మౌస్‌తో పట్టుకుని లాగాలి, లేదా తోయాలి. వెనక నీళ్లు చిందుతుంటే ఏది లాగాలో, ఏది తోయాలో ఎవరికి గుర్తుంటుంది!

అన్నట్టు, కొందరు బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచేసి ఆడి, ‘అబ్బే, భయమే లేదు’ అంటారు. వాళ్లతో వాదన దండగ.

2013లో సీక్వెల్‌ను ద చైనీస్ రూమ్ అనే వేరే స్టూడియో చేసింది. కథ 1899 నాటి లండన్‌లో, పిల్లల కోసం వెతికే మాండస్ అనే తండ్రిది. రాత బాగుంది, సంగీతం ఇంకా బాగుంది. కానీ లాంతరుకు నూనె అక్కర్లేదు, మతి తప్పడం లేదు, వస్తువులు దాచుకునే సంచీ లేదు. లెక్కపెట్టుకోవడానికి ఏమీ మిగల్చనప్పుడు టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది? అదే ఏడాది వచ్చిన మరో హారర్ సీక్వెల్ ‘డెడ్ స్పేస్ 3’ కూడా తుపాకులన్నిటికీ ఒకే రకం తూటాలు పెట్టి ఇదే పని చేసింది. హారర్ సీక్వెల్ తీసేవాళ్లకు ఆటగాడి కష్టం తగ్గించాలనే సరదా ఎందుకో అర్థం కాదు.

ఇదే అమ్నీషియా సిరీస్‌లో 2020 నాటి ‘రీబర్త్’లో అగ్గిపుల్లలు లెక్కపెట్టుకోవాలి, అదొక్కటే నచ్చింది. రాక్షసికి దొరికిపోయినా పెద్దగా పోయేదేమీ లేదు.

అసలైన సీక్వెల్ కావాలంటే ఈ సిరీస్‌లోనే 2023లో వచ్చిన ‘ద బంకర్’ ఆడండి. మొదటి ప్రపంచయుద్ధపు బంకర్, జనరేటర్‌లో ఇంధనం అయిపోతే లైట్లన్నీ ఆరిపోతాయి. చేతి టార్చ్‌కు తాడు లాగి చార్జ్ ఎక్కించాలి, ఆ గరగర చప్పుడు రాక్షసికి వినిపిస్తుంది. ఈసారి రివాల్వర్ ఇచ్చారు గానీ తూటాలు ఎప్పుడూ చాలవు. అందులో వస్తువుల చోట్లు, లాకర్ కోడ్‌లు ప్రతి ఆటకీ మారతాయి కాబట్టి వీడియోలు చూసి బట్టీ పట్టినా లాభం లేదు. మెషీన్ ఫర్ పిగ్స్ ఆడకపోయినా కొంప మునగదు. ఆడితే కథ కోసం ఆడండి.