రేపటి సంగతి తేలితేనే ఈ రాత్రి నిద్ర

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. ఏడో ఏట ఆటిజం అని తేలింది. బాగా మాట్లాడుతుంది, చదువులో చురుకే. ఏడాదిగా రాత్రిళ్లు నిద్ర పోవడం లేదు. పదింటికి పడుకోబెడితే రెండింటి దాకా దొర్లుతూనే ఉంటుంది. దేనికి టెన్షన్ అని అడిగితే ‘ఏమీ లేదు’ అంటుంది. కానీ ‘రేపు అంతా మామూలుగానే ఉంటుందా అమ్మా?’ అని పదిసార్లు లేచి వచ్చి అడుగుతుంది. ఉంటుందని చెప్పి పంపిస్తే పది నిమిషాల్లో మళ్లీ వస్తుంది. పొద్దున్న లేపడం రోజూ యుద్ధమే. స్కూల్లో మాత్రం మీ అమ్మాయంత బుద్ధిమంతురాలు లేదు, ఏ ఇబ్బందీ లేదు అంటారు. ఇంటికి రాగానే బ్యాగు విసిరేసి ఏడుస్తుంది. ఫోన్ తీసేసుకుంటే గొడవ ఇంకా పెద్దదైంది. నా గారాబం వల్లే ఇదంతా అని మావారు అంటారు. నిద్రమాత్రలు ఇప్పించాలా?

జవాబు: అమ్మా, మీరు ఉత్తరంలో మామూలుగా రాసేసి దాటిపోయిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. స్కూల్లో ఏ ఇబ్బందీ లేదంటారు, ఇంటికి రాగానే ఏడుస్తుంది. ఈ రెండూ ఒకే సంగతి. ఆటిజం ఉన్న పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో చాలామంది స్కూల్లో రోజంతా నటిస్తూ గడుపుతారు. అందరూ నవ్వినప్పుడు నవ్వాలి, మాట్లాడేవాళ్ల కళ్లలోకి చూడాలి, బెల్లు మోతకు ఉలిక్కిపడినా పైకి కనపడనివ్వకూడదు. టీచర్లు బుద్ధిమంతురాలు అంటున్నది ఈ కష్టాన్నే. ఆరేడు గంటలు అలా బిగబట్టుకున్న పిల్ల, బిగువు వదలగల ఒకే ఒక్క చోటికి వచ్చి వదిలేస్తోంది. ఆ చోటు మీరే. అది గారాబం కాదని మీ వారికి నా మాటగా చెప్పండి.

కాబట్టి రాత్రి పదింటి సంగతి చూసే ముందు సాయంత్రం సంగతి చూద్దాం. ఇంటికి వచ్చాక మొదటి గంట ఏ ప్రశ్నా అడగకండి. ‘ఎలా జరిగింది ఈ రోజు’ అనే మాట కూడా వద్దు. మనకది ప్రేమగా అడిగే మాట, తనకు ఇంకో పరీక్ష. వెలుతురు తగ్గించిన గదిలో తనకు ఇష్టమైన పనిలో ఉండనివ్వండి. హోంవర్క్, ట్యూషన్ దాని తర్వాతే. ఈ ఒక్క గంట కుదిరినందుకే రాత్రి ఏడుపు తగ్గిన ఇళ్లు నేను చూశాను.

ఇక ‘ఏమీ లేదు’ అనే జవాబు. మీ దగ్గర దాస్తోందని అనుకోకండి. ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తమ లోపల ఉన్నది భయమా, కోపమా, ఆకలా అని గుర్తుపట్టి పేరు పెట్టడమే కష్టం. ఒళ్లు అలిసిపోయిందన్న సంగతి కూడా కొందరికి తెలియదు. అందుకని ‘టెన్షన్‌గా ఉందా’ అనకుండా ఒంటి గురించి అడగండి. గుండె వేగంగా కొట్టుకుంటోందా, కడుపులో తిప్పినట్టుందా, దవడ బిగిసిందా? సున్నా నుంచి ఐదు దాకా ఒక అంకె చెప్పమనండి. ఎదురుగా కూర్చోబెట్టి అడగడం కంటే ఏదో పని చేసుకుంటూ పక్కపక్కన కూర్చుని అడగడం మేలు. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసివ్వమనండి, పక్క గదిలోంచి మెసేజ్ పెట్టినా తీసుకోండి. నోరు విప్పితేనే మాట్లాడినట్టు అనే పట్టుదల మనకెందుకు?

ఆ మాటలకు కూడా ఒక వేళ ఉండాలి. పడక మీద వద్దు. సాయంత్రం ఆరేడు గంటల మధ్య పావుగంట చాలు. ఆ పావుగంటలో ఇద్దరూ కలిసి రేపటిని కాగితం మీద పెట్టండి. ఆటిజం ఉన్న పిల్లలు, టీనేజర్లలో దాదాపు 40 శాతం మందికి ఏదో ఒక ఆందోళన సమస్య ఉంటుందని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. అందులో చాలా భాగం ‘ఏం జరుగుతుందో తెలియకపోవడం’ చుట్టూనే తిరుగుతుంది. మీ అమ్మాయి ప్రశ్న కూడా సరిగ్గా అదే కదా. మీరు ‘అంతా మామూలుగానే ఉంటుంది’ అంటున్నారు. ఆ హామీ మీ చేతుల్లో లేదని తనకు తెలుసు. ఏదో ఒక రోజు టీచరు రాకపోవచ్చు, కూర్చునే చోటు మార్చవచ్చు. అందుకే మీ జవాబు పది నిమిషాలకు మించి నిలవడం లేదు.

కాగితం మీద మూడు సంగతులు ఉండాలి. రేపు కచ్చితంగా జరిగేవి, మారే అవకాశం ఉన్నవి, మారితే తను ఏం చేయవచ్చు అన్నది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ‘కొత్త టీచర్ వస్తే: నా చోటులోనే కూర్చుంటాను, పుస్తకంలో చూస్తాను, మరీ కష్టమైతే చీటీ చూపించి ఐదు నిమిషాలు బయటికి వెళ్తాను.’ ఆ చీటీ చూపిస్తే బయటికి పంపేలా, మార్పులేమైనా ఉంటే ముందు రోజే మీకు చెప్పేలా స్కూలుతో మాట్లాడి పెట్టుకోవాలి. మీ అమ్మాయి బాగానే ఉంది కదా, ఇవన్నీ ఎందుకు అంటారు. అన్నప్పుడు నటన సంగతి చెప్పండి, వీలైతే డాక్టరు చేత రాయించి ఇవ్వండి. ఎవరైనా ఏడిపిస్తున్నారా అన్నది కూడా అప్పుడే ఆరా తీయండి. ఇలాంటి పిల్లలు, చెప్పాల్సిన విషయమని తట్టకే చెప్పకుండా ఊరుకుంటారు.

ఇప్పుడు నిద్ర. ఆటిజం ఉన్న పిల్లల్లో సగం నుంచి 80 శాతం దాకా నిద్ర ఇబ్బందులు ఉంటాయని వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి మీ ఇల్లు ఒంటరిది కాదు. దీనికి తోడు యుక్తవయసు. ఆ వయసులో ఏ పిల్లలకైనా ఒంట్లోని గడియారం గంట నుంచి రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. ఆటిజం ఉన్న కొందరిలో ఆ మెలటోనిన్ తీరే వేరుగా ఉంటుంది. అంటే పదింటికి మీరు లైటు ఆర్పినప్పుడు తన ఒంటికి ఇంకా సాయంత్రమే. నాలుగు గంటలు చీకట్లో మేలుకుని పడుకోవడం వల్ల పడక అంటే భయపడే చోటు అని ఒళ్లు నేర్చుకుంటోంది.

అందుకని మీకు తలకిందులుగా వినిపించే సలహా ఒకటి. కొన్నాళ్లు ఆలస్యంగా పడుకోనివ్వండి. ముందు రెండు వారాలు డైరీ రాయండి: ఎన్నింటికి పక్క మీదికి వెళ్లింది, సుమారుగా ఎన్నింటికి నిద్ర పట్టింది, ఎన్నింటికి లేచింది. నిజంగా నిద్ర పట్టే వేళ ఒకటిన్నర అని తేలితే, పక్క మీదికి వెళ్లే వేళ ఒకటింపావు. పడుకున్న 20 నిమిషాల్లోపు నిద్ర పట్టడం వరసగా కొన్ని రాత్రులు కుదిరాక 15 నిమిషాలు ముందుకు జరపండి. మళ్లీ కుదిరాక ఇంకో 15. లేచే వేళ మాత్రం కదలకూడదు, సెలవు రోజైనా గంటకు మించి తేడా వద్దు. లేవగానే ఆరుబయట వెలుతురు కంటికి తగలాలి, గడియారాన్ని ముందుకు జరిపేది అదే. పగలు నిద్రలు వద్దు. ఈ పద్ధతి సెలవుల్లో మొదలుపెట్టడం తేలిక. ఫిట్స్ ఉన్న పిల్లలైతే డాక్టరుని అడగకుండా చేయకండి, నిద్ర తగ్గితే ఫిట్స్ రావచ్చు. ఈ వయసుకు కావలసింది 8 నుంచి 10 గంటలు. అక్కడికి నెలల మీద చేరతాం, వారంలో కాదు.

గది సంగతి తననే చూసి చెప్పమనండి. మనకు వినపడని ఫ్యాను కీచు, చార్జర్ మీది చిన్న లైటు, మెడ దగ్గర గుచ్చుకునే బట్ట లేబుల్, దుప్పటికి పట్టిన సబ్బు వాసన, వీటిలో ఏదో ఒకటి తనను రాత్రంతా పొడుస్తూ ఉండవచ్చు. ఒక అబ్బాయి విషయంలో గంటగంటకూ చప్పుడు చేసే గోడ గడియారాన్ని తీసేయడంతో సగం పని అయిపోయింది! ఎదురుచూస్తూ పడుకునేవాడట, పాపం. బరువు దుప్పటి గురించి చాలామంది అడుగుతారు. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో దానివల్ల నిద్ర గంటలేమీ పెరగలేదు, కానీ పిల్లలకు, తల్లిదండ్రులకు మామూలు దుప్పటి కంటే అదే నచ్చింది. తనకు హాయిగా ఉంటే కప్పుకోనివ్వండి, మందులా మాత్రం చూడకండి.

ఫోన్ దగ్గర నాకూ ఒకప్పుడు పొరపాటు జరిగింది. తీసేసుకోండి అని తేలిగ్గా చెప్పేదాన్ని. తర్వాత తెలిసింది, ఆ పిల్లల్లో చాలామందికి ఫోన్‌లో ఉన్న ఆ ఒక్క ఇష్టమైన విషయమే మనసుకు ఊతమని. ఊతకర్ర లాగేస్తే పడిపోరా? మీ అమ్మాయికి ఏది ఇష్టమో మీరు రాయలేదు. ఏదైనా సరే, అదే విషయం మీద పుస్తకమో, బొమ్మలు గీసుకోవడమో, స్క్రీన్ లేకుండా వినే ఆడియోనో ముందు సిద్ధం చేయండి. ఫోన్ ఎప్పుడు ఆపాలో తనతోనే నిర్ణయింపజేయండి. ‘ఈ వీడియో అయ్యాక’ అనే గుర్తు ‘తొమ్మిదిన్నరకు’ అనే గుర్తుకన్నా తనకు తేలిక కావచ్చు. మీ ఇద్దరి ఫోన్లు కూడా అదే వేళకు అదే చోటికి చేరాలి, తప్పదు. కాఫీ, టీ, కూల్‌డ్రింకులు మధ్యాహ్నం తర్వాత వద్దు. ఐదు గంటలు గడిచినా అందులోని కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది.

మాత్రల గురించి సూటిగా అడిగారు. మీ అంతట మీరు ఏదీ ఇవ్వకండి. నిద్రమాత్రలు వద్దు, మత్తుగా ఉంటుందని జలుబు మందులు, ఎలర్జీ మాత్రలు కూడా వద్దు. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2020లో ఆటిజం ఉన్న పిల్లల నిద్ర గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ముందు అలవాట్ల పద్ధతులు, అవి చాలకపోతే మెలటోనిన్ అనే ఉంది. దాని మోతాదు, ఇచ్చే వేళ డాక్టరు చెప్పాలి. వేళ తప్పితే గడియారం ఇంకా గందరగోళం అవుతుంది. డాక్టరు దగ్గరికి ఆ రెండు వారాల డైరీ పట్టుకెళ్లండి. గురక ఉందా, కాళ్లు ఊరికే కదిలిస్తూ ఉంటుందా (ఐరన్ తక్కువైనా అలా ఉంటుంది, రక్తపరీక్షలో తెలుస్తుంది), ఛాతీలో మంట, మలబద్ధకం, రాత్రి వింత కదలికలు ఉన్నాయా, ఏవైనా మందులు వాడుతోందా, అన్నీ చెప్పండి. ఆందోళనకు ఆటిజం తెలిసిన సైకాలజిస్టు ఉంటే మంచిది. మామూలు కౌన్సెలింగులో ‘నీకేమనిపిస్తోంది’ అన్న ప్రశ్న దగ్గరే బండి ఆగిపోతుంది.

ఇంకొకటి భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండడానికి. ఆటిజం ఉన్న టీనేజర్లలో చచ్చిపోవాలనే ఆలోచనలు మామూలు పిల్లల్లో కన్నా ఎక్కువ. ఏడాదిగా నిద్ర లేని పిల్లను సూటిగానే అడగాలి: ‘చనిపోతే బాగుండు అని ఎప్పుడైనా అనిపించిందా?’ అడిగినందువల్ల లేని ఆలోచన రాదు. ఔనన్నా, తనను తాను గాయపరచుకుంటున్నట్టు కనిపించినా, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒంటరిగా వదలకండి.

మీరు ఎన్ని గంటలు పడుకుంటున్నారో ఎక్కడా రాయలేదు. మీ వారిని నిందించాలని నాకు లేదు, కానీ రాత్రి డ్యూటీ ఇద్దరూ పంచుకోవాలి. వారంలో మూడు రాత్రులు ఆయన వంతు. ఆ రాత్రులు తను మీ తలుపు తట్టినా ఆయనే లేవాలి. మొదటి వారం తర్వాత గారాబం అనే మాట ఆయనే మానేస్తారు, చూడండి.

ఇక పదోసారి వచ్చే ఆ ప్రశ్న. రేపు అంతా మామూలుగానే ఉంటుందా అని అడిగితే కొత్త జవాబు వెతకకండి, వాదించకండి, ఓదార్చకండి. ప్రతి కొత్త ఓదార్పూ మళ్లీ అడగాలనే కోరికను పెంచుతుంది. సాయంత్రం రాసిన కాగితం తన మంచం పక్కనే ఉండాలి. లైటు వేయకుండా, గొంతు పెంచకుండా, మీరైనా ఆయనైనా ప్రతిసారీ ఇదే మాట: ‘మనం రాసి పెట్టుకున్నాం. కాగితం చూసుకో. నేను పక్క గదిలోనే ఉన్నాను.’ మొదటి రెండు మూడు రాత్రులు ఇంకా ఎక్కువసార్లు వస్తుంది, కంగారు పడకండి. ఎన్నిసార్లు వచ్చిందో డైరీలో రాసి, నెల తర్వాత నాకు మళ్లీ ఉత్తరం రాయండి.